రంగు పోయిన తాత తుపాకికి మళ్ళీ రంగు పట్టించకండి

ఆయుధపూజ దగ్గర పడిందంటే మన చుట్టాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేసి ఇదే అడుగుతారు. "తాత తుపాకి ఉంది కదా, దాని ఇనుము మీద ఒకప్పుడు నెమలి మెడ మాదిరి రంగులు ఉండేవంట. ఇప్పుడు వెలిసిపోయి బూడిద రంగుకొచ్చింది. ఆ రంగులు మళ్ళీ పట్టించొచ్చా? చేసిపెట్టేవాళ్ళు ఉన్నారంట."

కోయంబత్తూరు నుంచి అడిగినా, హోసూరు నుంచి అడిగినా, బళ్ళారి నుంచి అడిగినా నా జవాబు ఒకటే: వద్దు. ఫోన్లో రెండు ముక్కల్లో వద్దంటే ఎవరికీ నచ్చడం లేదు. "నీకేం తెలుసు, నీ దగ్గర తుపాకి రంగు బాగానే ఉందిలే" అని ఒక అల్లుడు నవ్వాడు కూడా. అందుకే కారణాలు ఇక్కడ పూర్తిగా రాసి పెడుతున్నా. చదివాక కూడా చేయించాలనిపిస్తే మీ ఇష్టం. ఏం చేయిస్తున్నారో తెలిసి చేయించండి, అంతే.

మొదట ఆ తుపాకులు మన ఇళ్ళకు ఎట్లా వచ్చాయో చూద్దాం. మన పాత కుటుంబాల్లో ఉన్నవి ఎక్కువగా 12 బోర్ జంట గొట్టాల తుపాకులు. తోటలో పందుల్ని తరమడానికీ, పంట కాపలాకూ లైసెన్సు తీసుకుని కొన్నవి. గొట్టాల మధ్య పట్టీ మీద "పి. ఆర్ అండ్ సన్స్, మద్రాస్" అనో, కలకత్తా అంగడి పేరో చెక్కి ఉంటుంది. ఆ పేరు చూసి తుపాకి మద్రాసులోనే తయారైందనుకుంటారు మనవాళ్ళు. పి. ఆర్ అండ్ సన్స్ మౌంట్ రోడ్డులో గడియారాలూ నగలూ అమ్మిన పేరున్న అంగడి. తుపాకులూ అమ్మేవాళ్ళు. ఆ రోజుల్లో ఇట్లాంటి తుపాకులు చాలావరకు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో తయారై, అమ్మే అంగడి పేరు చెక్కించుకుని ఓడలో వచ్చేవి. కాబట్టి ఆ రంగుల కథ మన ఊరిది కాదు, బర్మింగ్‌హామ్‌ది, లండన్‌ది, ఆ తర్వాత అమెరికాది. ఆ పని అర్థం కావాలంటే అక్కడికే వెళ్ళాలి.

రంగులు ఉండేది గొట్టాల మీద కాదు. గొట్టాల వెనక, చెక్క మడమకు ముందు, తుపాకి విరిచి తూటాలు పెట్టే చోట ఒక ఇనుప దిమ్మె ఉంటుంది కదా, దాన్ని ఆక్షన్ బాడీ అంటారు. దాని మీద, కొన్ని తుపాకులకు పక్కనుండే లాక్ పలకల మీద ఈ రంగులు ఉండేవి. 1875లో బర్మింగ్‌హామ్‌లో వెస్ట్‌లీ రిచర్డ్స్ కంపెనీలో పనిచేసే ఆన్సన్, డీలీ అనే ఇద్దరు బాక్స్‌లాక్ అనే ఏర్పాటు కనిపెట్టారు. లోపలి యంత్రమంతా ఆ దిమ్మెలోనే కూర్చునే ఏర్పాటు అది. మన ఇళ్ళలోని తుపాకులు చాలావరకు ఆ వంశంవే.

ఆ దిమ్మెను మెత్తటి ఇనుముతోనో, కార్బన్ తక్కువున్న ఉక్కుతోనో చేసేవాళ్ళు. మెత్తనిది అయితేనే ఆకురాయికి లొంగుతుంది, ఉలికి లొంగుతుంది, దాని మీద లతలూ పూలూ చెక్కొచ్చు. తుపాకి పేలినప్పుడు వచ్చే దెబ్బను విరక్కుండా తట్టుకునేదీ మెత్తటి ఇనుమే. మెత్తని దాంట్లో చిక్కేమంటే, అది తొందరగా అరుగుతుంది. గొట్టాలు వంగే ఇరుసు దగ్గరా, తాళం పడే చోటా వేల సార్లు రాపిడి ఉంటుంది. మరి లోపల మెత్తగా, పైన గట్టిగా ఉండాలంటే ఏం చేయాలి?

దానికి వాళ్ళ జవాబు కేస్ హార్డెనింగ్. చెక్కడం అంతా పూర్తయ్యాక దిమ్మెను ఒక ఇనుప పెట్టెలో పెడతారు. చుట్టూ ఎముకల బొగ్గు, కట్టె బొగ్గు కలిపి కూరతారు. కొన్ని కార్ఖానాల్లో కాల్చిన తోలు కూడా కలిపేవాళ్ళు. ఏది ఎంత పాలు అన్నది ఎవరి రహస్యం వాళ్ళది. మూత పెట్టి, గాలి చొరకుండా మెత్తి, సుమారు 700 నుంచి 800 డిగ్రీల సెంటిగ్రేడ్ వేడిలో కొన్ని గంటలు ఉంచుతారు. ఆ వేడిలో బొగ్గులోని కార్బన్ ఇనుము చర్మంలోకి ఇంకుతుంది. ఆ తర్వాత పెట్టెను నీళ్ళ తొట్టి మీదకు తెచ్చి, దిమ్మెకు గాలి సోకే సందు ఇవ్వకుండా, బొగ్గుతో సహా నీళ్ళలోకి బోర్లిస్తారు. కార్బన్ పట్టిన పైపొర ఆ ఒక్క క్షణంలో గాజులాగా గట్టిపడుతుంది. లోపలి ఇనుము మెత్తగానే ఉంటుంది.

మనవాళ్ళకు ఇది పూర్తిగా కొత్త విద్యేం కాదు. సేలం జిల్లాలోనూ మైసూరు సీమలోనూ పాతకాలంలో ఉక్కు చేసేవాళ్ళు చిన్న మట్టి మూసలో ఇనుప ముక్కలు పెట్టి, తంగేడు కట్టె ముక్కలు వేసి, పైన పచ్చాకు కప్పి, మూతికి మట్టి మెత్తి కాల్చేవాళ్ళు. తెలంగాణలో నిజామాబాదు దగ్గర కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవాళ్ళని చరిత్రలో ఉంది. అక్కడా ఇక్కడా సూత్రం ఒకటే, మూసిన పాత్రలో ఇనుముకు కార్బన్ తినిపించడం. తేడా ఏమంటే మన మూసలో కార్బన్ మొత్తం ఇనుములో కలిసిపోయేది, బర్మింగ్‌హామ్ పెట్టెలో చర్మం వరకే ఇంకేది. ఊళ్ళో కమ్మరి కొడవలికి కక్కు పెట్టి, ఎర్రగా కాల్చి నీళ్ళ తొట్టిలో ముంచడం చూసినవాళ్ళకు ఆ చివరి ఘట్టం చెప్పనక్కర్లేదు.

మరి రంగులు? నీళ్ళలో పడే ఆ క్షణంలో, నీటిలో కలిసిన గాలి ఇనుము చర్మం మీద అక్కడక్కడ పట్టి పల్చటి ఆక్సైడు పొర కడుతుంది. ఎక్కడ ఎంత మందం కట్టిందో దాన్ని బట్టి వెలుగు విరిగి నీలం, గోధుమ, బూడిద, గడ్డి రంగు కనిపిస్తాయి. కావాలని తొట్టిలోకి గాలి బుడగలు వదిలేవాళ్ళు, నీళ్ళలో సూరేకారం కలిపేవాళ్ళూ ఉన్నారు. ఎంత నేర్పరి చేసినా రెండు దిమ్మెలకు ఒకే మాదిరి రంగు రాదు. ఆ పొర మందం వెంట్రుక మందంలో నూరో వంతు కూడా ఉండదు. అందుకే కార్ఖానాలోనే దాని మీద వార్నిష్ పూసి పంపేవాళ్ళు. ఆ వార్నిష్ అరిగాక చేతి చెమట, ఎండ, రాపిడి కలిసి రంగును మెల్లమెల్లగా తీసుకుపోతాయి.

నా వాదనంతా నిలబడేది ఇక్కడే. తుపాకి మీది రంగు గోడకు వేసిన సున్నం లాంటిది కాదు. ఇనుము గట్టిపడిందనడానికి గుర్తుగా మిగిలింది. రంగు పోయినంత మాత్రాన గట్టిదనం పోదు. ఆక్సైడు పొర పోయినా దాని కింద కార్బన్ పట్టిన చర్మం అట్లాగే ఉంటుంది. కాబట్టి "రంగు పోయింది, తుపాకి పాడైపోయింది" అనుకోవడం మొదటి పొరపాటు. "రంగు తెస్తే తుపాకి బాగవుతుంది" అనుకోవడం రెండోది.

ఇప్పుడు మళ్ళీ రంగు తెస్తామనేవాళ్ళు చేసే పనులు నాలుగు రకాలు. ఒక్కొక్కటి చూడండి.

మొదటిది గ్యాస్ మంట. వెల్డింగు పనికి వాడే మంటతో దిమ్మెను అక్కడక్కడ వేడి చేస్తే గడ్డి రంగు, ఊదా, నీలం వరసగా వస్తాయి. ఉక్కు 200 డిగ్రీలు దాటాక పసుపు తిరుగుతుంది, 300 దగ్గర నీలం అవుతుంది. చూడ్డానికి బాగుంటుంది, గంటలో పని అయిపోతుంది, ఖర్చు తక్కువ. అయితే కమ్మరి నీళ్ళలో ముంచిన ఉలిని మళ్ళీ కాస్త కాచి రంగు చూసి ఎందుకు ఆపుతాడు? గట్టిదనం కొంత తగ్గించడానికే. అంటే మంటతో రంగు తెచ్చే మనిషి ఆ రంగు కోసం పాత గట్టి చర్మాన్ని మెత్తబరుస్తున్నాడు. గుర్తు మాత్రం తెచ్చి, అది దేనికి గుర్తో దాన్ని తీసేస్తున్నాడు. పల్చటి లాక్ పలకలైతే వంకర కూడా పోతాయి. మన చుట్టాల్లో ఒకరి తుపాకికి ఇదే జరిగింది. పూజ రోజు పళ్ళెంలో మెరిసింది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. నాకు మాత్రం దాని మీద మంట తిరిగిన చోటల్లా గుండ్రటి వలయాలు కనిపించాయి.

రెండోది మందు పూత. ఇనుమును నల్లబరిచే ద్రావకాలు సీసాల్లో దొరుకుతాయి. వాటిని దూదితో మచ్చలు మచ్చలుగా అద్ది పాత రంగుల మాదిరి నటింపజేస్తారు. దీనివల్ల గట్టిదనానికి హాని లేదు. లాభమూ లేదు, కొంతకాలానికి చేతికి అంటి పోతుంది. కానీ అద్దే ముందు ఇనుమును శుభ్రం చేస్తామని గీకుతారు, పాలిష్ పెడతారు. మూలల్లో మిగిలిన అసలు రంగు ఆ గీకుడులో పోతుంది.

మూడోది సయనైడు. కరిగిన సయనైడు ఉప్పుల్లో ఇనుమును ఉంచి నీళ్ళలో ముంచడం. ఇదేం దొంగ పద్ధతి కాదు. అమెరికాలో స్టీవెన్స్ లాంటి కంపెనీలు తక్కువ ధర తుపాకులకు దీన్ని వాడాయి. పులి చారల మాదిరి పొడుగు చారలు వస్తాయి. చర్మం నిజంగానే గట్టిపడుతుంది, కాకపోతే పల్చగా. కానీ అది ప్రాణాంతకమైన విషం. ఆమ్లం తగిలితే వచ్చే వాయువు మనిషిని చంపుతుంది. ఆ పని తెలిసిన కార్ఖానాలో తప్ప ఎవరి పెరట్లోనూ జరగకూడనిది.

నాలుగోది అసలు పద్ధతే, ఎముకల బొగ్గుతో మళ్ళీ చేయించడం. అమెరికాలో పార్కర్, ఎల్.సి. స్మిత్ జంట గొట్టాల తుపాకులంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ కోసం ఈ పాత విద్యను మళ్ళీ నేర్చుకుని అచ్చం ఆ కంపెనీ రంగులే తెచ్చేవాళ్ళూ అక్కడ ఉన్నారు. ఇంగ్లండులోనూ ఈ పని చేసేవాళ్ళున్నారు. వాళ్ళ పనికి నేను తల వంచుతా. అయినా మన తాతల తుపాకికి అదీ వద్దంటున్నా. ఎందుకంటే, నూరేళ్ళ నాటి దిమ్మెను మళ్ళీ ఎర్రగా కాల్చి చన్నీళ్ళలో పడేస్తే అది వంకర పోవచ్చు. అందుకే తెలిసినవాళ్ళు లోపల ఇనుప దిమ్మలు బిగించి, సందులకు కట్టుదిట్టం చేసి మరీ కాలుస్తారు. అంత చేసినా పిసరంత కదిలిందంటే చాలు, గొట్టాలు ముఖానికి ఆనవు, మడమ చెక్క కుదరదు, మరలు తమ గుంటల్లో కూర్చోవు. పైగా, కాల్చే ముందు పాలిష్ పెట్టాలి, దాంతో లతల చెక్కడం మొద్దుబారుతుంది. చెక్కడం మళ్ళీ పదును చేయాలంటే ముందు పాత గట్టి చర్మాన్ని కాచి మెత్తబరచాలి. ఒక పని మొదలుపెడితే నాలుగు పనులు వెంట వస్తాయి. చివరికి చేతికొచ్చేది తాత వాడిన తుపాకి రూపంలో ఉన్న ఇంకో తుపాకి.

ఇక్కడ ఎదురు వాదన ఒకటుంది, అందులో నిజం లేకపోలేదు. "ఇంగ్లండు దొరలు ప్రతి ఏడాదీ వేట కాలం అయ్యాక తుపాకిని తయారీదారుకే పంపి బాగు చేయించుకునేవాళ్ళు. గొట్టాలు మళ్ళీ నల్లబరిచేవాళ్ళు, చెక్కకు నూనె పట్టించేవాళ్ళు. వాడే వస్తువును బాగు చేసుకోవడం తప్పా?" తప్పు కాదు. చెక్కకు నూనె పట్టించండి, అరిగిన స్ప్రింగు మార్పించండి, గొట్టాల లోపల శుభ్రం చేయించండి. అది సంరక్షణ. కానీ ఆ ఇంగ్లండులోనే రంగు వెలిసి వెండి తెలుపుకు తిరిగిన ఆక్షన్‌ను చాలామంది అట్లాగే ఉంచుకుంటారు. అది నిజాయితీగా వాడిన తుపాకి అన్నదానికి గుర్తు అంటారు. పాతవి సేకరించేవాళ్ళ లెక్క కూడా అదే. కాస్తో కూస్తో మిగిలిన అసలు రంగుకు ఉండే విలువ నిండుగా వేయించిన కొత్త రంగుకు ఉండదు. ఇత్తడి చెంబుకు ఏటా చింతపండు పెట్టి తోమినా చెంబుకు ఏమీ కాదు. ఇది చెంబు కాదు.

ఒక్క చోట మాత్రం నేను మెత్తబడతా. ఇంతకు ముందే ఎవరో మంట పెట్టో, గీకో అసలు రూపం పూర్తిగా చెరిపేసిన తుపాకి అయితే, పోగొట్టుకునేది ఏమీ మిగల్లేదు కాబట్టి, నిజంగా పని తెలిసినవాళ్ళు దొరికితే ఆలోచించొచ్చు. ఇల్లు అంటుకున్నప్పుడు మంటల్లో చిక్కిన తుపాకి ఉంటే దానికి రంగూ వద్దు, తూటా అసలే వద్దు. గొట్టాలను కలిపి పట్టే అతుకులు, స్ప్రింగులు, ఇనుము పదును, అన్నీ ఆ వేడికి మారిపోయి ఉంటాయి. గొట్టాల మీద బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌసు వాళ్ళ ముద్ర ఉంటుంది. 1813 నుంచి అక్కడ తుపాకులను ఎక్కువ మందుతో పేల్చి పరీక్షించి ముద్ర వేస్తున్నారు. ఆ ముద్ర ఆనాటి గొట్టానికి పూచీ. ఆ తర్వాత ఇంటి మంటకూ, వెల్డింగు మంటకూ అది పూచీ పడదు. అన్నట్టు, గొట్టాలకు మరిగే ఉప్పు ద్రావకంలో నల్లరంగు వేస్తామంటే అసలు ఒప్పుకోకండి. జంట గొట్టాలను కలిపే సీసం అతుకును ఆ ద్రావకం తినేస్తుంది.

చట్టం మాట కూడా చెప్పాలి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి రిపేరు చేసేవాడికి దానికి తగిన లైసెన్సు ఉండాలి. రంగే కదా అని బజారులో వెల్డింగు షాపుకు తీసుకెళ్ళడం, తెలిసినోడే అని మరొకరి చేతిలో పెట్టి రావడం, ఇవి కేసు అయ్యే పనులు. 2019 సవరణతో ఒక లైసెన్సుదారు దగ్గర ఉండగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. వారసత్వంగా వచ్చినవాటికీ అదే లెక్క. ఇప్పటికే చాలా ఇళ్ళలో ఏది ఉంచుకోవాలి, ఏది వదులుకోవాలి అన్న బేరం నడిచింది. అంత బాధపడి ఉంచుకున్న ఒక్క తుపాకిని మంటకు ఇవ్వడం ఏం న్యాయం?

మీ తుపాకి మీద అసలు రంగు ఏమైనా మిగిలిందా అని చూడాలంటే చెయ్యి తగలని చోట్లు వెతకండి. ముందు రెండు గొట్టాలూ ఖాళీ అని చూసుకోండి. గొట్టాలు విప్పి, అవి కూర్చునే సమతలం చూడండి. పై మీట కింద, ముందు చెక్క లోపలి ఇనుము మీద, చెవుల వెనక సందుల్లో చూడండి. అక్కడ నీలం, గోధుమ మచ్చలు మబ్బుల మాదిరి కలిసిపోయి కనిపిస్తే అవి అసలువి. మబ్బుల్లా కాకుండా అంచులు తెగిన వలయాలుంటే మంట. రంగు నిండుగా ఉండి లతల చెక్కడం మాత్రం మొద్దుగా ఉంటే, ఎప్పుడో ఒకసారి పాలిష్ పెట్టి మళ్ళీ వేయించారని అర్థం.

ఉన్నదాన్ని కాపాడుకోవడానికి పెద్ద విద్యేం అక్కర్లేదు. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ దగ్గరికి రానీయకండి. పులుపు ఆ రంగును నిమిషాల్లో తినేస్తుంది. ఇత్తడి పాలిష్, విభూది, ఇటుక పొడి ఏదీ వద్దు. పూజనాడు పసుపు కుంకుమ తడిపి ఇనుము మీద పెట్టకుండా, కింద పరిచిన బట్టకో, పళ్ళేనికో పెట్టండి, తుపాకికి ఒక పూలదండ చాలు. అమ్మవారేం అలగదు. ముట్టుకున్నాక పొడి బట్టతో తుడిచి, తుపాకి నూనె ఒక చుక్క పల్చగా రాయండి. తోలు సంచిలో ఏళ్ళ తరబడి ఉంచకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. ఎన్నికలప్పుడు స్టేషనులో అప్పగించాల్సి వస్తే, ఇచ్చే ముందు నూనె రాసి ఇవ్వండి, తిరిగొచ్చిన రోజే విప్పి తుడవండి. నెలల తరబడి తేమలో ఉండి వచ్చిన తుపాకికి తుప్పు పట్టేది మొదట ఆ దిమ్మె మీదే.

ఇంకొక పని ఉంది. రంగు మీద పెట్టాలనుకున్న ఖర్చులో పదో వంతు కూడా కాదు. గొట్టాల మీది అంకె, పట్టీ మీది అంగడి పేరు, ప్రూఫ్ ముద్రలు, ఇవన్నీ ఫొటో తీసి పెట్టండి. పాత లైసెన్సు పుస్తకం ఎక్కడుందో వెతకండి. ఎవరి పేరు మీద మొదలై ఎవరి చేతికి వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాసుకోండి. ఆ దిమ్మె మీద కుడి పక్క రంగు ఎడమ పక్క కంటే ఎక్కువ వెలిసి ఉంటే, అది తాత ఏ చేత్తో పట్టుకుని తోట చుట్టూ తిరిగాడో చెప్పే గుర్తు కావచ్చు. మనం పుట్టిన నేల వదిలి తరాలైంది. ఇక్కడ మనకు మిగిలిన కాగితాలే తక్కువ. ఇనుము మీద చెయ్యి రాసిన ఆ నాలుగు గుర్తుల్ని మన చేతులతో మనమే తుడిపేయొద్దు.